చెమట పట్టని పిల్ల

శ్రావణి మెడ మీద చెయ్యి వేసిన స్నేహలత పెనం తాకినట్టు చటుక్కున వెనక్కి తీసుకుంది. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. కారు ఏసీ లోంచి వస్తున్నది వేడిగాలి.

ఎనిమిదేళ్ల ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట గ్రంథులు లేవు. అందరికీ చెమట పట్టి ఒళ్లు చల్లబడుతుంది. శ్రావణికి ఆ దారి లేదు. ఒంట్లో చేరిన వేడి ఒంట్లోనే ఉంటుంది. ఎండాకాలం ఏసీ లేనిదే గడప దాటించొద్దని డాక్టరు ముందే హెచ్చరించాడు. ఈ పాత కారు కొన్నదే అందుకు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో చుట్టాలింట్లో పుట్టువెంట్రుకల ఫంక్షన్ చూసుకుని, మిట్టమధ్యాహ్నం కాశిబుగ్గకు తిరుగుముఖం పట్టారు. కారు నడుపుతున్నది స్నేహలత. పక్క సీట్లో మామగారు రాజమౌళి. ఊరు దాటీ దాటకముందే, ముందెక్కడో లారీ బోల్తా పడి రోడ్డు మూసుకుపోయింది. ముందు లారీలు, వెనక బస్సులు. రెండు పక్కలా కోత కోసిన మడులే గాని నిలబడడానికి చెట్టు నీడ లేదు.

స్నేహలత మెకానిక్ మొగిలికి ఫోన్ కొట్టి స్పీకర్ పెట్టింది. నిన్ననే ఏసీ చూసి పంపినవాడు వాడే.

"గ్యాస్ నింపినవా, గాలి నింపినవా?"

మొగిలి తిట్లు మింగి ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాడు. ఏసీ వేస్తే ఇంజిన్ దగ్గర టక్కుమని చప్పుడు వస్తోందా? వస్తోంది, కాసేపటికే ఆగిపోతోంది. ముందు ఫ్యాన్లు? తిరుగుతున్నాయి. ఇంజిన్ వేడి చూపించే ముల్లు? పైకి పాకుతోంది.

"గ్యాస్ తప్పు కాదక్కా. లోపటి వేడి బయటికి పోతలేదు. ముంగటి జాలిలకెల్లి నీళ్లు కొట్టు. ఒక్క బాటిల్ సాలు."

ఉన్నదే ఒక్క బాటిల్. పక్క లారీ డ్రైవర్ తన క్యాన్ ఎప్పుడో ఇచ్చేశాడు, బస్సులోని ఆడవాళ్లు ఉన్నవన్నీ అందించారు. అవన్నీ శ్రావణి గౌను మీద పోసినవి పోసినట్టే ఆవిరయ్యాయి. ఈ ఆఖరి బాటిల్ పిల్ల మీద పోస్తే కాసింతసేపు నిలుస్తుంది. కారు మీద పోసి, కారు చల్లబడకపోతే?

అంతవరకూ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్న శ్రావణి నెమ్మదిగా అంది:

"అమ్మా, నిద్రొస్తాంది."

ఆ నిద్రలోకి జారనివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పిల్లను పిలుస్తూనే ఉండమని మామకు చెప్పి, బాటిల్ తీసుకుని దిగింది. కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, పళ్లు బిగించి, జాలీలోకి వంచింది.

నీళ్లు లోపలికి పోలేదు. జాలీ వెనక దేనికో తగిలి ఆమె చేతుల మీదికే కారాయి.

బానెట్ ఎత్తి జాలీ వెనక సందులోకి చెయ్యి దూర్చింది. వేలికి గుడ్డ తగిలింది. చెయ్యి చురుక్కుమంటున్నా వదలకుండా లాగింది. మడతలు పెట్టి కుక్కిన మందపాటి జంపఖానా బయటికి వచ్చింది.

ఒక్క పరుగున లోపలికి వచ్చి ఏసీ మళ్లీ వేసింది. టక్కుమంది, ఈసారి ఆగలేదు. గాలి మెల్లమెల్లగా చల్లబడింది. శ్రావణిని ఒళ్లో వేసుకుని ముఖం గాలికి పెట్టింది. పిలిస్తే పలకలేదు. రెండోసారీ పలకలేదు. చెంప మీద కొట్టి పిలిస్తే "ఊ" అంది.

అప్పుడు స్నేహలత కోపం కట్టలు తెంచుకుంది. జాలీకి గుడ్డ అడ్డం పెట్టి మరిచావు, నా బిడ్డను చంపబోయావు అని ఫోన్లోనే మొగిలి మీద విరుచుకుపడింది. పిల్లల మీద ఒట్టు, తాను పెట్టలేదన్నాడు వాడు. పోలీసుల దగ్గర చెప్పుకోమంది ఆమె.

రాజమౌళి ఫోన్ మీద చెయ్యి పెట్టాడు.

"వాన్ని తిట్టకు బిడ్డా, నేనే పెట్టిన. మీరంత బువ్వ తినేటప్పుడు కారు ముంగట నిలవడ్డ. వడగాలి సీదా ఆ జాలిలకెల్లి లోపటికి పోతాంది. మనింట్ల కిటికీలకు గోనెసంచులు కడుతం గద, గట్లనే అనుకున్న. కూసునెటందుకు తెచ్చుకున్న జంపఖానా మడిచి కుక్కిన. ఇందాక చల్లగైతలేదని నువ్వు మొత్తుకుంటాంటె సుత నోరిప్పలే. అది అడ్డమున్నందుకు గింతనన్న నయమున్నది, తీస్తె పిల్ల ఇంకెంత కాలునో అనుకున్న."