పక్క మార్చాలి

రోజుకు ఆరు చెద్దర్లు ఉతికేదాన్ని. రఘునాథపల్లిలో మా వాడకట్టు మొత్తానికి మా దండెమే తెల్లగా కనిపించేది. "సునంద అత్తకు చేసినట్టు కన్నబిడ్డ గూడ చెయ్యది" అని అమ్మలక్కలంటే పొంగిపోయేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మా అత్త లచ్చమ్మకు పక్షవాతమొచ్చి మంచాన పడ్డ ఏడాదే, ముసలివాళ్లను బాగా చూసుకోవడం గురించి రేడియోలో పాఠాలు మొదలయ్యాయి. పేరు రాసి పంపితే పదమూడు వారాల చదువు, చివర సర్టిఫికెట్. ఏడో తరగతిలో బడి మాన్పించిన నాకు మళ్లీ బడికి పోతున్నట్టే ఉండేది. మధ్యాహ్నం అంట్లు అట్లా వదిలేసి నోట్‌బుక్కు పట్టుకుని కూర్చునేదాన్ని. "అవ్వా, నీ కోడలు డాక్టరైతున్నది" అని మా ఆయన సదానందం వాళ్లమ్మతో అంటూ నవ్వేవాడు. నాలుగో పాఠంలో డాక్టరమ్మ, "మంచాన ఉన్నవారికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి" అంది. రాసుకుని కింద గీత కూడా గీశాను. మా ఇంట్లో పక్క అంటే బొంతా చెద్దరూ, పొద్దున చుట్టేది, పొద్దుగూకితే పరిచేది. ఇంకేముంది, తెల్లారింది మొదలు చీకటి పడేదాకా రెండు గంటలకోసారి చెద్దరు మార్చాను.

ఒక చేత్తో అత్తను పక్కకు తిప్పి పట్టుకుని, రెండో చేత్తో పాతది లాగి కొత్తది పరిచి, మళ్లీ వెల్లకిలా పడుకోబెట్టేదాన్ని. నడుము పట్టేసేది. "జరంత ఒక చెయ్యెయ్యుండ్రి" అని ఆయన్ను ఒక్కసారి అడిగాను. "మొగోన్ని, నేనెట్లేస్త? కోడలివి నువ్వున్నవ్ గద" అన్నాడు. కన్నతల్లే కదా అనే మాట నోటిదాకా వచ్చింది, మాసిన చెద్దరు తీసుకుని ఉతకడానికి పోయాను.

అయినా పుండు పడింది. "రేడియో ఇని మా అవ్వను పుండు జేసినవ్" అని చుట్టాల ముందే అన్నాడు. నేను నా పెళ్లిచీర కూడా చింపి మెత్తగా పరిచాను. రేడియోకు కార్డు రాశాను. రోజుకు ఆరుసార్లు పక్క మారుస్తున్నాను, ఒక్క మరక ఉండనివ్వడం లేదు, పుండెందుకు మానడం లేదు?

జవాబు వచ్చేసరికి అత్త దినాలు కూడా అయిపోయాయి. ఆదివారం, ఆయన ఇంట్లోనే ఉన్నాడు. డాక్టరమ్మ నా పేరు చదివి, "పక్క మార్చడమంటే దుప్పటి మార్చడం కాదమ్మా" అంది. రేడియోలోనే ఎవరో చిన్నగా నవ్వారు. "మనిషిని పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, అలాగే ఉంచాలి. ఇద్దరు పట్టుకుంటే తేలిక."

"గది బందు వెట్టు" అన్నాడాయన, నా వైపు చూడకుండా.

రేడియో బందు పెట్టలేదు. ఆయన ముందే ఇంకో కార్డు తీసి రాశాను. నాకు సర్టిఫికెట్ వద్దు, వచ్చేసారి ఆ పాఠం "మర్లియ్యాలె" అని, మనిషిని తిప్పడానికి మేమనే మాటలో చెప్పండి, ఇంటి మగవాళ్లను కూర్చోబెట్టి చెప్పండి అని. ఒక్కటి మాత్రం రాయలేకపోయాను. చెద్దరు లాగడానికి పక్కకు తిప్పిన ప్రతిసారీ అత్త నన్ను బతిమాలేది: "గిట్లనే ఉండనియ్యి బిడ్డా, పానం నిమ్మలంగున్నది." పాఠంలో లేదని, నేనే ఆమెను వెల్లకిలా తిప్పేదాన్ని.