ఆఖరి పది పేజీలు

కంపెనీ బస్సు పొద్దున ఆరుంబావుకు బెంగళూరు పక్కనున్న అత్తిబెలెలో బయలుదేరితే జిగణి చేరేసరికి ముప్పావు గంట పట్టేది. మందుల సీసాలను డబ్బాల్లో సర్దే ఆ కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు ఇరవైమంది దాకా అందులో వెళ్లేవాళ్లు. తొంభయ్యారులో ఆ ముప్పావు గంటా భారతిదే. మదనపల్లెలో ఇంటర్ దాకా చదివి, పెళ్లయి ఇక్కడికి వచ్చిన మనిషి. వెంకటేశప్ప అద్దె పుస్తకాల అంగడిలో నవలలు తెచ్చుకుని చదివి, ఆ కథలు బస్సులో చెప్పేది. కంపెనీ గేటు కనబడే సమయానికి కథ సరిగ్గా ఒక చిక్కులో పడేది. "మిగిలింది రేపు" అనేది భారతి. అందరూ ఉసూరుమంటూ దిగేవాళ్లు. ఆ ఉసూరుమనడం ఆమెకు జీతం కంటే ఇష్టం.

అదే బస్సులో వచ్చే సుంకమ్మది ఆదోని వైపు. తాపీపని చేసే మొగుడి వెంట వచ్చింది. ఒక్కగానొక్క కూతుర్ని ఊళ్లో తల్లి దగ్గర వదిలింది. చదువు ఏడో తరగతితో ఆగింది. ఒకరోజు బస్సు దిగుతూ భారతి చెయ్యి పట్టుకుంది.

"రేపటిదాకా ఆగేకి నాతో కాదక్కా. ఆ పుస్తకం నాకే ఇయ్యి. కూడబలుక్కోని చదువుకుంటా."

భారతికి గర్వంగా అనిపించింది. తనే అంగడికి తీసుకెళ్లి, పూచీగా నిలబడి, సుంకమ్మ పేరు రాయించింది. మొదటి నవలకు సుంకమ్మకు నెల పట్టింది. అర్థంకాని మాటలు పాత క్యాలెండరు వెనక రాసుకొచ్చి బస్సులో అడిగేది. రెండో నవల పది రోజుల్లో ముగించింది. ఏడాది తిరగకముందే వారానికి రెండు చదవసాగింది.

ఆ వానాకాలం భారతికి జ్వరం వచ్చి మూడు రోజులు పనికి పోలేదు. నాలుగోరోజు బస్సెక్కేసరికి ముందు సీటులో సుంకమ్మ కథ చెబుతోంది. అత్త మాట అత్త గొంతుతో, పోలీసు మాట పోలీసు గొంతుతో చెబుతోంది. మధ్యలో ఆపి, "నువ్వయితే ఏం చేస్తావు పిన్నీ?" అని అడుగుతోంది. అందరికంటే పెద్దదైన అక్కయమ్మ భారతిని చూసి పక్కకు జరిగింది.

"ఈ పొద్దుకు సుమ్నే, ఊరికే కూర్చో భారతీ. అది కథ సగంలో ఉండాది."

ఆ పొద్దే కాదు, ఆ తర్వాత కూడా ఎవరూ భారతిని కథ అడగలేదు. లావుపాటి నవలలు తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. అదేం పుస్తకమని అడిగినవాళ్లు లేరు. ఇంటికొచ్చి చదవబోతే రెండు పేజీలు దాటకుండానే బేజారయ్యేది. ఎవరికీ చెప్పనప్పుడు ఎందుకు చదవాలో ఆమెకు తెలియలేదు.

అప్పట్లో సుంకమ్మ ఒక నర్సు కథ చెబుతోంది. పదేళ్ల కింద వదిలేసి పోయిన మొగుడు రోగంతో ఆమె పనిచేసే వార్డుకే వస్తాడు. ఇప్పుడామె ఏం చేస్తుందని బస్సంతా ఒకటే చర్చ. శనివారం సాయంత్రం భారతి ఆ పుస్తకం అడిగింది.

"తీసుకో అక్కా. ఆఖరు మాత్రం నాకు చెప్పొద్దు. నేను ఇంకా అంతదాకా పోలేదు."

ఆదివారం మధ్యాహ్నానికి భారతి చదవడం పూర్తిచేసింది. చివర్లో నర్సు మొగుణ్ణి క్షమించి కాళ్ల మీద పడుతుంది. పుస్తకం మూసింది, మళ్లీ తెరిచింది. ఆఖరి ఐదు కాగితాలను కుట్టు దగ్గర మెల్లగా లాగింది. వాటిని నీళ్ల హండా కింద మంటలో పెట్టి, పూర్తిగా కాలేదాకా నిలబడి చూసింది. సాయంత్రం పుస్తకం సుంకమ్మకు తిరిగిచ్చింది.

మంగళవారం సుంకమ్మ ఆమెను పక్కకు పిలిచింది. "ఆఖరు పేజీలు లేవు అక్కా. నువ్వు చదివేటప్పుడు ఉన్నాయా?"

"నేనంతదాకా చదవలేదు. ముందే ఊడిపోయింటాయి."

బుధవారం బస్సులో అందరూ ఆఖరు చెప్పమన్నారు. సుంకమ్మ కాసేపు కిటికీలోంచి చూసి చెప్పింది. నర్సు మొగుడికి సూది వేసింది, జ్వరం చూసి కాగితంలో రాసింది, దుప్పటి సర్దింది. అతను పేరు పెట్టి పిలిచాడు. "మాట్లాడొద్దు, అలసట వస్తాది" అని పక్క మంచం దగ్గరికి పోయింది.

అక్కయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పుస్తకంలో అట్లా లేదని తెలిసిన మనిషి ఆ బస్సులో భారతి ఒక్కతే. పుస్తకంలో ఉన్నదానికంటే ఇదే బాగుందని కూడా ఆమెకు తెలిసింది.

శనివారం ఇద్దరూ అంగడికి పోయారు. వెంకటేశప్ప పుస్తకం తిరగేసి, పదిమంది ముందు సుంకమ్మ మీద కేకలేశాడు. పుస్తకం మర్యాద తెలియని దానికి పుస్తకాలెందుకన్నాడు. ఆమె పేరు కొట్టేసి భారతి వైపు తిరిగాడు.

"నీ మాట మీద ఇచ్చినానమ్మా. ఏమంటావు?"

నిజం చెప్పకపోయినా, ముందే చిరిగి ఉందన్నా సరిపోయేది. భారతి నోటి నుంచి వేరే మాట వచ్చింది.

"ఇంట్లో బిడ్డ ఉండాది కదా. చించింటుందిలే అప్పా."

సుంకమ్మ ఆమె వైపు చూసింది. "నా బిడ్డ ఊర్లో ఉండాదక్కా. నీకు తెలుసు" అంది మెల్లగా. మెట్లు దిగిపోయింది.

సోమవారం నుంచి సుంకమ్మ వెనక సీటులో కళ్లు మూసుకుని కూర్చునేది. కథ అడిగితే తనకు రాదనేది. నెల తిరక్కముందే మధ్యాహ్నం షిఫ్టుకు మారిపోయింది. భారతి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది గానీ, అక్కయమ్మ వింటూ వింటూ నిద్రపోయేది. ఎవరో టేప్‌రికార్డరు తెచ్చి కన్నడ పాటలు పెట్టాక అదీ ఆగిపోయింది.

రెండేళ్ల తర్వాత సంతలో సుంకమ్మ ఎదురైంది.

"ఇప్పుడేం చదువుతుండావు?" అని అడిగింది భారతి, వేరే మాట దొరక్క.

"ఏమీ లేదక్కా. చదివితే ఎవరికన్నా చెప్పాలనిపిస్తాది. చెప్తే ఎవరి కడుపు మండుతుందో ఏమో."

"అట్లేం లేదులే" అంది భారతి.

సుంకమ్మ వంకాయలు ఏరుకుంటూ, భారతి ఇంకేమన్నా చెబుతుందేమోనని కాసేపు ఆగింది. భారతి టమాటాల ధర అడుగుతూ పక్క గంప దగ్గరికి పోయింది.