ఎడమ అంచు పైకి

ఎడమది పైకి, కుడిది లోపలికి, అమ్మకు కిమోనో కడుతుంటే చేతులు వాటంతటవే పోతాయి, చిన్నప్పుడు అమ్మే నేర్పింది, పొరపాటున తిరగేసి కడితే చేతిమీద ఒక్కటి వేసి, ఏమే ఫుమీ, నన్నప్పుడే కాటికి పంపేస్తావా అనేది, కుడి అంచు పైకొస్తే అది శవానికి కట్టే కట్టు మరి, బతికున్నవాళ్లకు ఎవరూ అలా కట్టరు, ఎడమది పైకి అనుకుంటూ మెడ దగ్గర సర్దుతున్నాను, ఉన్నట్టుండి చేతులు ఆగిపోయాయి, నిన్న నేను గీసిన పెళ్లికొడుకు, నా బొమ్మల కథలో ఆఖరి పేజీ, యుద్ధం నుంచి తిరిగొచ్చి పెళ్లిపీట మీద కూర్చున్నవాడు, అతని ఛాతీ మీద ఏ అంచు పైనుంది.

కుడిదే, కళ్లు మూసుకున్నా కనిపిస్తోంది, ముఖం ఎంతకీ కుదరక కాగితం తిరగేసి వెలుతురుకు పట్టాను, బొమ్మ ఒక పక్కకు వాలిందేమో చూడటానికి బొమ్మలు గీసేవాళ్లమంతా చేసే పనే అది, వెనకనుంచి చూస్తే అచ్చం నాన్న, అమ్మ అద్దం పక్కన పెట్టుకున్న ఫోటోలో నాన్న, ఆ ముఖం చేజారిపోతుందేమోనని అతన్నొక్కణ్ణీ వెనకనుంచే మళ్లీ గీసేశాను, ముఖంతో పాటు బట్టలూ తిరగబడ్డాయి, వధువు మాత్రం సరిగ్గానే ఉంది, నవ్వుతూ శవాన్ని పెళ్లాడుతోంది, ఏమిటే చేతులు ఇంత చల్లగా ఉన్నాయి, బిగించు, అంటోంది అమ్మ, కీరదోసకాయ తెచ్చావా అంటోంది, తెచ్చానమ్మా, వంటింట్లో ఉంది, ఊరగాయకేనా అని అడుగుతూనే నడికట్టు ఎలాగో ముడేసి ఫోన్ దగ్గరికి పరుగెత్తాను.

పొద్దున్నే పేజీలు పట్టుకెళ్లిన ఎడిటర్ తత్సునో ఫోన్లోనే నవ్వాడు, గీసేవాళ్లను గురువుగారూ అన్నట్టు సెన్సే అంటాడు, ప్రెస్‌కి పంపేశానండీ సెన్సే, ఆపగలనేమో చూస్తాలెండి, అయినా అంచులెవరు చూస్తారండీ, చదివే ఆడపిల్లలంతా ముఖాలు చూసి ఏడుస్తారు గానీ, నీకేం తెలుసు బాబూ అనుకున్నాను, అమ్మ చూస్తుంది, నా ప్రతి కథకూ మొదటి ప్రతి అమ్మకే, యుద్ధంలో తెల్లగుడ్డ చుట్టిన పెట్టె ఇంటికొస్తే, మీ ఆయన అస్థికలమ్మా అని తెచ్చినవాళ్లు తలవంచుకుంటే, అమ్మ విప్పి చూసింది, లోపల ఒక రాయి, రాయి రాయి పనే చేయనీ అని ఊరగాయ కుండ మీద బరువుగా పెట్టింది, ఏడవలేదు, సమాధి కట్టించలేదు, బోన్ పండుగకు వీధంతా కీరదోసకాయలకు పుల్లల కాళ్లు గుచ్చి గుర్రాలు చేసి, పోయినవాళ్లు వాటినెక్కి త్వరగా రావాలని గుమ్మాల్లో పెడితే మా గుమ్మం బోసిగా ఉండేది, మా ఆయన పోతే కదా అనేది అమ్మ, రోజూ ఆయనకని ఒక గిన్నె అన్నం ఎక్కువ వండేది.

అందుకే నా కథల్లో ఎవడూ చావలేదు, కాలు పోయినవాడు, చూపు పోయినవాడు, తన పేరే మరిచినవాడు, అందరూ ఎలాగోలా ఇల్లు చేరారు, స్టేషన్లో వాన, ఆమె గొడుగు పారేసి పరుగు, ఈవిడ మగణ్ణి తిరిగి తేకుండా పెన్ను దించదని తోటివాళ్లు వెక్కిరించినా నేను మారలేదు, అమ్మ ఆఖరి పేజీ చదివి, వచ్చాడన్నమాట, అని పుస్తకం మూసేది, ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్లు గీశాను, ఇప్పుడా అంచు చూస్తే, కన్నకూతురే నాన్నను చంపిందని అనుకుంటే, ఆ ఎదురుచూపు మీదే నిలబడి ఉన్న మనిషి, అది పోతే ఇంకేం మిగులుతుంది, భయమేస్తోంది, చేతులు ఫోన్ మీదే ఉన్నాయి, అది మోగడం లేదు.

వంటింట్లో టక్కుమని పుల్ల విరిగిన చప్పుడు, వెళ్లి చూస్తే అమ్మ కీరదోసకాయకు కాళ్లు గుచ్చుతోంది, అమ్మా ఏంటది, కనబడట్లా, గుర్రం, ఎవరికమ్మా, ఎవరికేంటే, మీ నాన్నకి, ఉంటే ఈపాటికి ముసలాడయ్యేవాడు, అంత దూరం నడిపిస్తామా, పొద్దున ఆ అబ్బాయికి టీ ఇస్తూ నీ పేజీ చూశాలే, పోన్లే, నువ్వైనా ఆయనకి బట్టలు సరిగ్గా కట్టావు, నాకే చేతులు రాలా, అమ్మా, నువ్వు ఎదురుచూస్తున్నావని కదా నేను గీసింది, అన్నాను, నేనా, ఎప్పుడో మానేశానే, ఏటా ఎవణ్ణో ఒకణ్ణి ఇంటికి తెచ్చి నా మొహంలోకి చూసేదానివి, ఇంక రాడే అని ఎట్లా చెప్పను నీకు, అంది, ఆ ఎక్కువ గిన్నె అన్నం, అది వండడం అమ్మ ఎప్పుడు మానేసింది, ఆ అన్నం తిన్న నాకే తెలియదు.

ఫోన్ మోగింది, పేజీ దొరికిందండీ సెన్సే, తెల్లరంగు పూసి ఎడమది పైకి మార్పించనా, నాలుగో కాలు పొట్టిదైపోయి అమ్మ గుర్రం ఒక పక్కకు ఒరిగింది, అయినా నిలబడింది, వద్దు తత్సునో గారూ, ఉండనివ్వండి, అన్నాను, ఇన్నేళ్లూ ఈ ఇంట్లో గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నది అమ్మ కాదు, నేను.