దేవుని సాలు

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. మిరప నారు నాటేటప్పుడు ప్రతి ఇంటివాళ్ళూ పిల్లల పేరు మీద ఒక సాలు విడిచిపెడతారు. దాన్ని దేవుని సాలు అంటాం. ఆ సాలుకు నీళ్ళు పెట్టడం, కలుపు తీయడం, పురుగు చూసుకోవడం అన్నీ పిల్లల పనే. నవంబరులో కోత పండుగ నాడు ఆ కాయలను వాళ్ళే తెచ్చి గుడిలో బల్ల మీద పెట్టి, ఎలా పెంచారో నాలుగు మాటలు చెప్తారు. పెద్దలు చెయ్యి పెట్టకూడదు. మా తాత బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఇది నడుస్తోంది.

ఈసారి మా అమ్మాయి దీవెనకు మూల సాలు ఇచ్చాను. ఇరవై నాలుగు మొక్కలు. డ్రిప్పు పైపు అక్కడి దాకా రాదు. బోరు దగ్గర బిందె నింపుకొని గట్టు మీదుగా మోసుకెళ్ళాలి. కావాలనే ఇచ్చాను.

దీవెనకు పదకొండేళ్ళు. ఏదీ చివరిదాకా చేసే పిల్ల కాదు. జూన్‌లో హనుమకొండ హాస్టల్లో వేస్తే తొమ్మిదో రోజుకు పెట్టెతో సహా తిరిగొచ్చింది. మిషను కుట్టడం నేర్చుకుంటానని లంగాకు ఒక పక్క కుట్టి రెండో పక్క వదిలేసింది. నేనూ ఏడో తరగతిలో బడి మానినవాణ్ణే. ఎందుకు మానావని మా నాయిన ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే ఈ పిల్ల ఒక పని వదిలినప్పుడల్లా నాకు ఆ బడే గుర్తొచ్చేది. ఈ సాలు కూడా వదిలిందంటే ఇక దేన్నీ నిలబెట్టుకోదనుకున్నాను. ఎవరితోనూ అనలేదు.

సెప్టెంబరంతా వానలే పెంచాయి. అక్టోబరు మొదట్లో వానలు పోయాక అసలు పని మొదలైంది. బడి ఆటో వచ్చేలోపు ఆరు బిందెలు మోయాలి. నాలుగు రోజులు మోసింది. ఐదో రోజు రెండు బిందెలకే ఆపింది. నేను పక్క సాలులో కలుపు తీస్తున్నట్టు కూర్చుని చూస్తున్నాను. గడ్డితో పాటు ఒక మిరప మొక్కను కూడా పీకేశాను.

వారం తిరిగేసరికి సాలు చివర ఏడు మొక్కలు ఎండిపోయాయి.

“నాయినా, గవి సచ్చిపోయినయా?”

“సచ్చినట్టే.”

“పీకకు మరి. నేను ప్రార్థన జేత్తాన.”

“ప్రార్థన జెయ్. నీళ్ళు గూడ పొయ్.”

“పోత్తనే ఉన్న గదా! చేతులు గుంజుతానయ్. ఇంకా రెండు రోజులు జూస్త. అప్పటికి లేవకపోతే ఇడిసిపెడ్త. ఇగ నాతోటి గాదు.”

ఆ రెండు రోజులు నేను ఒక చోట కూర్చోలేదు. రెండో రోజు సాయంత్రం ఆమె గుడిలో పాటల ప్రాక్టీసుకు వెళ్ళింది. నేను కుర్పీ తీసుకొని చేనుకు పోయాను. నా నాలుగో సాలులోంచి ఏడు మొక్కలను మట్టిగడ్డతో సహా తవ్వి, ఆమె సాలు చివర నాటి నీళ్ళు పోశాను. ఎండిన ఏడింటినీ గట్టు అవతలి పొదలోకి విసిరేశాను. పిల్లకు కొంచెం ఆసరా ఇస్తున్నానని అనుకున్నాను. నిజానికి ఆమె పెట్టిన గడువును ఓర్చుకోలేనివాణ్ణి నేనే.

తెల్లారి పొయ్యి ముందు నా భార్య అనసూయ ఉంది. దీవెన చేనులోంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళ నిండా బురద.

“అమ్మా! లేచినయ్! ఏడుకేడు లేచినయ్!”

“ఏం లేచినయే పిల్లా?”

“సచ్చిన చెట్లమ్మా! పచ్చగ నిలవడ్డయ్! నాయినా నువ్వు జెప్పు, సచ్చినయా లేదా అవి?”

“ఊ” అన్నాను.

అనసూయ పిండి చేతులే జోడించి స్తోత్రం చెప్పింది. పిల్ల ముఖం చూసి నేను చెప్పులేసుకొని బయటికి వచ్చాను. నిజం చెప్పేదుంటే అప్పుడే చెప్పాలి. గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వాకిట్లోకి వచ్చి, మళ్ళీ గేటు దాకా వెళ్ళాను. ఈలోగా ఆటో వచ్చింది.

మర్నాడు దీవెన బిందె ముట్టలేదు.

“సాలుకు పోలే?”

“దేవుడే జూస్కుంటాండు గదా నాయినా. సచ్చినయాటినే లేపినోడు బతికినయాటిని ఎండనిత్తడా?”

ఎండలు చూస్తే గట్టిగా ఉన్నాయి. పోయకపోతే మిగిలిన పదిహేడూ పోతాయి. ఆమె లేవకముందే నేనే వెళ్ళి ఆరు బిందెలు పోసి రావడం మొదలుపెట్టాను. ఆమె బడి నుంచి వచ్చి చూసేది. మన్ను తడిగా ఉండేది. దాంతో నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఒకరోజు పక్క చేను ఎల్లస్వామి నన్ను గట్టు మీద చూశాడు.

“ఏం సాంబన్నా, పొద్దుపొద్దుగాల్నే బిందె సంకల వెట్టినవ్. వదినె ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టిందా?”

“మోటరు ఖరాబైంది” అన్నాను.

“అయితే ఫికరెందుకు? నీ బిడ్డతోని చెయ్యి వెట్టిపియ్యి. మా బోరు గూడ ఎండింది, అటెన్క జర మా దిక్కు తోల్కరా.”

అప్పటికే మాట ఊరంతా పాకింది. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు నా భుజం మీద చెయ్యేసి, “కోత పండుగకు మీ పాప సాక్ష్యంతోనే మొదలు పెడదాం సాంబయ్యా” అన్నారు. నేను సంఘ పెద్దను. చాపలు చుడుతున్నవాణ్ణి చుడుతూనే తల ఊపాను.

తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. మోటరు వేసి ఆపడం మరిచాను. మందు కొట్టే పంపు వీపున వేసుకుని మూడు సాళ్ళు నడిచాక అందులో ఉత్త నీళ్ళే ఉన్నాయని తెలిసింది. అన్నం ముందు కూర్చుంటే పిల్ల ప్రార్థన చేసేది. ఏడు చెట్ల కోసం వందనాలు అనేది. నేను సగంలోనే చెయ్యి కడుక్కునేవాణ్ణి. అనసూయ, “ఏమైందయ్యా, ముండ్ల మీద గూసున్నట్టు జేత్తానవ్” అని రెండుసార్లు అడిగింది.

పండుగ ముందు శనివారం పొద్దున మొగిలమ్మ పెద్దమ్మ కర్ర పట్టుకొని మా వాకిట్లోకి వచ్చింది. వాడకట్టులో అందరికంటే పెద్దది. అరుగు మీద కూర్చుని చీర మోకాలి దాకా జరిపింది.

“బిడ్డా దీవెనా, గీ మోకాలు మీద చెయ్యి వెట్టి జర ప్రార్థన జెయ్యే. షుగర్ గోలీలు గూడ మూడు దినాల సంది ఏసుకుంటలేను. నీ ప్రార్థన ఉన్నంక ఇగ నాకు దవాఖాన ఎందుకు?”

దీవెన బడి పుస్తకం పక్కన పెట్టి వచ్చి, కళ్ళు మూసుకొని, మోకాలి మీద చెయ్యి పెట్టింది.

“ఆపు!” అన్నాను.

ఇంట్లోంచి అనసూయ వచ్చింది. అందరూ నన్నే చూస్తున్నారు.

“పెద్దమ్మా, ఇప్పుడే పోయి గోలీలు ఏసుకో. సచ్చిన చెట్లు లేవలే. నేనే పెట్టిన. నా సాలుకెళ్ళి తీసి పెట్టిన.”

మొగిలమ్మ కర్ర నేలకేసి కొట్టింది. “నీ కడుపు సల్లగుండ, ముందుగాల జెప్పద్దారా! మూడు దినాల సంది కండ్లు తిరుగుతాంటే దేవుడు పని జేత్తాండనుకుంటాన!”

అనసూయ ఆమె చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకెళ్ళింది. దీవెన కదల్లేదు.

“నేను పాటలకు పోయిన్నాడా?”

“ఊ.”

“నీళ్ళు?”

“నేనే.”

లేచి చేనుకు నడిచింది. నేను వెనకాల పోయాను. నా నాలుగో సాలులో ఏడు గుంటలు ఇంకా పూడలేదు. వాటి దగ్గర నిలబడి చూసింది. తర్వాత మూల సాలుకు వెళ్ళింది. ఒక్కో మొక్క మొదలు వేలితో తాకుతూ పదిహేడు దాకా వచ్చి ఆగింది. ఇక అయిపోయింది, దీన్నీ వదిలేస్తుంది, ఈసారి నా చేతులతోనే వదిలించాను అనుకున్నాను.

“నాతోటి గాదనే పెట్టినవా?” అంది, తల ఎత్తకుండా.

ఈసారి ఊ అనలేకపోయాను. “నీతోటి కాదని గాదు బిడ్డా. నేనే ఆగలేకపోయిన.”

“ఓపిక వట్టాలని రోజూ జెప్పేది నువ్వే గదా.”

ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంది.

ఆదివారం గుడిలో బల్ల నిండా వరి కంకులు, సొరకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన రెండు కోళ్ళు ఉన్నాయి. సంగతి అందరికీ తెలిసిపోయింది. మొగిలమ్మకు తెలిశాక ఇక మైకు అవసరం లేదు. నేను లేచి తప్పు ఒప్పుకున్నాను. రెండు మాటలకు మించి రాలేదు. పిల్లను పిలవాలా వద్దా అని అయ్యగారు నా వైపు చూస్తుండగానే దీవెన చిన్న గంపతో ముందుకు నడిచింది.

“పదిహేడు చెట్ల కాయలు ఇవి. ముందుగాల నీళ్ళు నేను పోసిన. అటెన్క ఇరవై రోజులు పోయలే. మా నాయిన పోసిండు. గంతే.”

గంప పెట్టి వచ్చి కూర్చుంది. స్తోత్రం చెప్పాలో లేదో ఎవరికీ తెలియలేదు. వెనక నుంచి ఎల్లస్వామి పెద్దగా ఆమెన్ అన్నాడు. నవ్వులు లేచాయి. దీవెన నవ్వలేదు. నేను ఆమె ముఖమే చూస్తూ కూర్చున్నాను. రేపేం చేస్తుందో అందులో కనిపించలేదు.

సోమవారం నేను చేనుకు పోకూడదని గట్టిగా అనుకున్నాను. మంచం మీద అటు దొర్లి ఇటు దొర్లి చివరికి లేచాను. బిందె ఎప్పుడూ ఉండే చోట లేదు. గబగబా నడిచాను.

దీవెన గట్టు మీద ఉంది. బడి బట్టలు సగం తడిసిపోయాయి. ఒక్కో మొక్కకూ ఆగి పోస్తూ వస్తోంది. పదిహేడో మొక్క అయ్యాక బిందెలో ఇంకా నీళ్ళున్నాయి. వాటిని తెచ్చి మళ్ళీ మొదటి మొక్కకు పోసింది.

“గవిటికి?” అన్నాను, చివరి ఏడింటిని చూపిస్తూ.

“గవి నావి గావు. నువ్వు పెట్టినవ్, నువ్వే పోస్కో.” బిందె నా చేతిలో పెట్టింది. “రేపు గూడ. ఎల్లుండి గూడ.”

ఆటో హారన్ వినిపించింది. బ్యాగు భుజానేసుకొని గట్టు మీద పరుగెత్తింది. సగం దూరం పోయి వెనక్కి తిరిగి, “నడుమ ఇడిసిపెట్టి పోకు నాయినా!” అని అరిచింది.

ఒక బిందె నాలుగు మొక్కలకే సరిపోయింది. ఇంకా మూడు ఉన్నాయి. బోరు వైపు నడిచాను.