వెంకటరావమ్మగారి పాలు

"మల్లేశ్వరీ, ఒక్క చెంచాడు చాలంట. ఇట్టా పట్రా!" అని అత్తగారు వెంకటరావమ్మ వీధి అరుగు మీద నుంచి కేకేసింది.

నాగమల్లేశ్వరి పొయ్యి మీద అన్నం పెట్టి పప్పు ఎనుపుతోంది. పప్పుగుత్తి వదిలేసి, చేతులు కడుక్కుని, గూట్లోంచి పాపకి ఉగ్గుపట్టే వెండి గిన్నె తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. పాపకి ఎనిమిదో నెల. ఆ పూటకి పాలు పాపకి చాలతాయా లేదా అని ఆలోచించే వ్యవధి లేదు. అవతల అరుగు మీద పొరుగింటావిడ ఎర్రటి కళ్ళు చికిలించుకుంటూ కాచుకుని ఉంది. గిన్నె అడుగు నిండేదాకా పిండి, పైట సర్దుకుని, తీసుకెళ్ళి అత్తగారి చేతిలో పెట్టింది. అత్తగారు దాన్ని పొరుగింటావిడకి అందించింది. "నీ కడుపు చల్లగుండ వెంకటరావమ్మా! మా ఆయనకి నీ పాలతోనే తగ్గిందనుకో" అందావిడ. అరవై ఏళ్ళ వెంకటరావమ్మ మొహమాటంగా నవ్వి, "అయ్యో, దానికేముందమ్మా, పోయేదేముంది" అంది. ఆ పోయేదేమిటో తెలిసిన మనిషి వంటింట్లోకి తిరిగొచ్చేసరికి అన్నం అడుగంటింది.

ఆ ఏడు, డెబ్బై ఒకటిలో, కళ్ళకలక దేశాన్నంతా ఒక చుట్టు చుట్టింది. బెంగాలు నుంచి వచ్చిందన్నారు కొందరు, మద్రాసు మెయిల్లో దిగిందన్నారు ఇంకొందరు. ఎక్కణ్ణుంచి వస్తేనేం, బెజవాడ వన్ టౌన్‌లో మాత్రం ఏ గడపా వదలలేదు. బట్టల కొట్లలో గుమాస్తాలు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని గుడ్డ కొలిచారు. సినిమా హాళ్ళవాళ్ళు ఈగలు తోలుకున్నారు. ఏ ఇంటి దండెం చూసినా కళ్ళు తుడుచుకునే పసుపు గుడ్డలే. కలకకి చనుబాల చుక్క వేస్తే చలవ చేస్తుందని మనవాళ్ళకి తాతల నాటి నమ్మకం. ఆ సందులో అప్పటికి చంటిపిల్ల తల్లి నాగమల్లేశ్వరి ఒక్కతే. ఇంకేం, వెంకటరావమ్మ అరుగు ధర్మాసుపత్రి అయి కూర్చుంది. ఎవరొచ్చి గిన్నె చాపినా లేదనని దొడ్డ చెయ్యి ఆవిడది. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా! సందు సందంతా వాటిని "వెంకటరావమ్మగారి పాలు" అనే అంది. నాగమల్లేశ్వరి పేరు ఎవరి నోటా రాలేదు. ఒకావిడ మాత్రం, "మగపిల్లాడి తల్లి పాలైతే ఇంకా గుణం ఇచ్చేవి, ఏం చేస్తాం, ఉన్నవాటితోనే సరిపెట్టుకోవాల" అని నిట్టూర్చి మరీ పట్టుకుపోయింది.

ఇంట్లో మొదట మొగుడు మార్కండేయులికి వచ్చింది. బట్టల కొట్టు మూసేసి చీకటి గదిలో పడుకుని, మంచినీళ్ళు కావాలన్నా, దిండు తిప్పాలన్నా, గోడ మీద బల్లి అరిచిందా అని అడగాలన్నా "మల్లేశ్వరీ" అనేవాడు. తరవాత అత్తగారికి వచ్చింది. చిట్టచివర నాగమల్లేశ్వరికి వచ్చింది. రెప్పలు అతుక్కుపోయి, పొయ్యి దగ్గర ఉప్పేదో పంచదారేదో వేళ్ళతో తడుముకుంటూ వండింది. నా కళ్ళలోనూ రెండు చుక్కలు వేసుకుంటానత్తయ్యా అని అడిగితే, "ఎవరి పాలు వాళ్ళకి పనిచెయ్యవే పిచ్చిదానా" అంది అత్తగారు. మార్కండేయులు గదిలోంచే "పొగకి దూరంగా ఉండు, అదే తగ్గుద్ది" అని వైద్యం చెప్పాడు. పొగకి దూరంగా ఉంటే కూర ఎలా దిగుతుందో మాత్రం చెప్పలేదు. నాగమల్లేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. అయినా తనకిది కొత్తా? పెదనలో పుట్టింట్లోనూ అంతే. నాన్న మగ్గం మీద చీర దిగితే అందరూ నాన్న నేసిన చీర అనేవాళ్ళు. అమ్మా తనూ కూర్చుని నూలు కండెలకి చుట్టి అందిస్తేనే కదా నాన్న చేతిలో నాడె అటూ ఇటూ ఆడేది! నేసినవాడికి పేరు, చుట్టినవాళ్ళకి వేళ్ళకి కాయలు. అప్పుడు నూలు పోయింది, ఇప్పుడు ఒంట్లో పాలు పోతున్నాయి అనుకుంది.

వెనక వాటాలో అద్దెకుండే శౌరమ్మ ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు నూతి దగ్గర బట్టలు జాడిస్తూ, "ఏం మల్లేశ్వరమ్మా, ఊరందరి కళ్ళూ నువ్వే కడగాలా? కాచి చల్లార్చిన నీళ్ళలో కాస్త ఉప్పేసి కడుక్కుంటే చాలు, వారం తిరక్కుండా అదే పోద్ది. పోయాక ఆ గొప్ప మీ అత్తగారిది" అంది. నాగమల్లేశ్వరి పకపకా నవ్వింది. నవ్వాక, తను నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోబోయింది గానీ రాలేదు.

వానలు వెనకబట్టి ఎండ తెల్లగా కాసేసరికి కలక తగ్గుముఖం పట్టింది. అమ్మయ్య! ఊరికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది. పసుపు గుడ్డలు దండేల మీద నుంచి మాయమయ్యాయి. సినిమా రిక్షా మైకు పెట్టుకుని మళ్ళీ సందులోకి వచ్చింది, పిల్లలు దాని వెనక పరిగెత్తి పాంప్లెట్లు ఏరుకున్నారు. బజ్జీల బళ్ళు సాయంత్రమయ్యేసరికి గుప్పున వాసనలు మొదలెట్టాయి. నాగమల్లేశ్వరి డాబా మీద బట్టలారేస్తూ ఆ వాసన గుండెల నిండా పీల్చేది. అక్కణ్ణుంచి మెడ సాచి చూస్తే, ఇళ్ళ కప్పుల సందున కృష్ణ ఒక్క వేలెడు మెరుస్తూ కనిపించేది. కాపరానికొచ్చి మూడేళ్ళయింది. నడిచివెళ్ళే దూరంలో ఏరు, ఏటి మీద బ్యారేజీ, ఇంతవరకూ దాని మీద అడుగు పెట్టలేదు. అడిగినప్పుడల్లా మార్కండేయులు "ఎక్కడికి పోద్ది బ్యారేజీ, వెళ్దాంలే" అనేవాడు. నిజమే, బ్యారేజీ ఎక్కడికీ పోలేదు. తనూ పోలేదు.

అలాంటిది ఒక రాత్రి అతను అన్నం తింటూ తనంతట తనే, "నిన్న బ్యారేజీ మీద చూడాలి జనం, తిరణాలే! ఇన్నాళ్ళూ ఇళ్ళలో మగ్గిపోయారు గదా. గేట్లెత్తారు, నీళ్ళు దూకుతుంటే తుంపర మొహానికి కొడతంది. ఆదివారం మనమూ పోదాం" అన్నాడు. నాగమల్లేశ్వరి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "నేను కూడానా?" అంది. "నువ్వు కాక ఇంకెవరు, రిక్షా మాట్లాడతాలే" అన్నాడు.

ఇంక చూడండి ఆవిడ సంబరం! శుక్రవారమే పెట్టె తెరిచి, నాన్న పసుపుకుంకాల కింద పెట్టిన నీలం చీర తీసి గంజి పెట్టింది. పాపకి గౌనుకి ఊడిన బొత్తాం కుట్టింది. బ్యారేజీ మీద గాలికి పైట నిలవదని శౌరమ్మ చెబితే ఒక పిన్నీసు అడిగి తెచ్చుకుంది. నడిస్తే అవతలి ఒడ్డున సీతానగరం దాకా వెళ్ళొచ్చంటే, "ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేస్తా శౌరమ్మక్కా, ఏటి మీద నడిచి జిల్లా దాటేస్తా!" అని చిన్నపిల్లలా ఎగిరింది. అంట్లు తోముతున్నా ఏటిగాలే, పిండి రుబ్బుతున్నా ఏటిగాలే. శనివారం రాత్రి పాపకి పాలిస్తూ చెవిలో గుసగుసగా అంతా చెప్పింది. పాప ఊ కొట్టింది.

ఆదివారం మధ్యాహ్నానికే పనంతా తెముల్చుకుని, జడలో కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. నాలుగింటికి రిక్షా గంట వినిపించింది. దాని వెనకే షావుకారు బసవపున్నయ్యగారి కొట్లో పనిచేసే రత్తయ్య వచ్చాడు. షావుకారి ఇంట్లో అందరికీ తగ్గాక ఇప్పుడు చిన్నకోడలికి కలక తగిలిందట. పొద్దుపోయేదాకా రెండు మూడు సార్లు వచ్చి పాలు పట్టుకెళతానన్నాడు. నిలవున్నవి పనికిరావట, అప్పటికప్పుడు తీసినవే కావాలట. వెంకటరావమ్మ ఆ మాట ఇంకా పూర్తికాకుండానే, "దానికేం భాగ్యం రత్తయ్యా, మా కోడలు ఇంట్లోనే ఉంటది. ఇప్పుడే పాపకి పాలిచ్చింది, గంటాగి గిన్నె పట్టుకురా" అని పంపించేసింది.

"అత్తయ్యా, బ్యారేజీ..." అంది నాగమల్లేశ్వరి.

"బ్యారేజీకేం తొందరే, రేపు కొట్టుకుపోద్దా?"

మార్కండేయులు చెప్పులు వేసుకుంటూ, "షావుకారితో పెట్టుకుంటామా? మన కొట్లోకి సరుకు సగం ఆయన దగ్గర్నుంచే గదా అరువుకొచ్చేది. వచ్చే ఆదివారం తప్పకుండా తీసుకెళ్తా" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండేది. వీధిలోకి చూసి, "రిక్షా ఎట్టాగూ వచ్చేసింది. అమ్మా, నువ్వు రా, ఊరికే వెనక్కి పంపడమెందుకు" అన్నాడు. వెంకటరావమ్మ లోపలికెళ్ళి మంచి చీర కట్టుకొచ్చింది. "పాపని ఏటి గాలికి తిప్పకూడదులే, మంచిదే అయింది" అని కోడలికి ధైర్యం చెప్పి రిక్షా ఎక్కింది.

నాగమల్లేశ్వరి గుమ్మంలో నిలబడిపోయింది. ముందు ఏడుపొచ్చింది. ఆ వెనకే ఏడుపుని తోసుకుంటూ కోపం వచ్చింది. ఎవరి మీదని? మాటిచ్చిన అత్తగారి మీదా, మాట తప్పిన మొగుడి మీదా, ఎవరో కూడా తెలియని ఆ షావుకారి కోడలి మీదా? పాపం, ఆ పిల్ల కూడా కళ్ళు కనపడక ఏ పొయ్యి దగ్గరో తడుముకుంటోందేమో. ఆ పిల్ల అడిగితే ఇవ్వనంటుందా తను? అసలు ఇన్నాళ్ళూ, నీకిష్టమేనా అమ్మా అని ఒక్కరైనా తనని అడిగారా? గేదెకి దాణా పెట్టేవాడైనా ఒళ్ళు నిమిరి చెంబు పెడతాడు. ఈలోగా పాప లేచి కేర్‌మంది. ఎత్తుకుని, పీట మీద కాదు, మార్కండేయులి పడక్కుర్చీలో వెనక్కి జారగిలబడి, పాలిచ్చింది. ఒక పక్క అయ్యాక రెండో పక్కా ఇచ్చింది. ఇక చాలని పాప మొహం తిప్పుకునేదాకా ఇచ్చింది. దాచిపెట్టకుండా, కొలత చూసుకోకుండా కూతురికి కడుపునిండా పాలివ్వడం ఎంత సుఖమో ఆ రోజు తెలిసింది.

గంట గడిచాక రత్తయ్య వచ్చాడు. "వెంకటరావమ్మగారి పాలు పట్టుకురమ్మన్నారండీ" అన్నాడు.

నాగమల్లేశ్వరి పాపని చంకనేసుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఆవిడ ఇంట్లో లేరు రత్తయ్యా. బ్యారేజీకి షికారెళ్ళారు. ఆవిడ పాలు కావాలంటే ఆవిణ్ణే అడగాలి."

రత్తయ్య తెల్లబోయి, మూతికి పాలు అంటుకునున్న పాపని చూశాడు. "మరి... అయ్యగారికి ఏం చెప్పమంటారండీ?"

"ఇక్కడున్నవి పాప తాగేసిందని చెప్పు. ఆ అమ్మాయిని ఉప్పేసి కాచిన నీళ్ళు చల్లార్చి కడుక్కోమను. నేను చెప్పానని చెప్పు, నా పేరు నాగమల్లేశ్వరి."

అతను సందు మలుపు తిరగ్గానే ఇంటికి తాళం పెట్టి, చెవి బొడ్లో దోపుకుంది. శౌరమ్మ అప్పుడే తెల్లచీర కట్టుకుని సాయంత్రం డ్యూటీకి బయల్దేరుతోంది. ఈవిణ్ణీ పాపనీ తాళాన్నీ చూసి ఏమీ అడక్కుండా, "పద, బ్యారేజీ మొదటిదాకా నీతో నడుస్తా" అంది. కాలవ గట్టమ్మట నడుస్తుంటే నాగమల్లేశ్వరికి కాళ్ళు గాల్లో తేలిపోయాయి. ఎంతమంది జనం! నల్ల కళ్ళద్దాల్లేకుండా, ఒకరి మొహాలు ఒకరు కొత్తగా చూసుకుంటూ, నవ్వుకుంటూ. శౌరమ్మ మొక్కజొన్న పొత్తు కొని, నిమ్మచెక్కతో ఉప్పూ కారం రుద్దించి చేతిలో పెట్టింది. మూడేళ్ళలో తనకోసమని ఒకరు కొనిస్తే వేడి మీద తిన్న మొదటి తిండి అది. నోరు కాలింది, కారానికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, నవ్వొచ్చింది. బ్యారేజీ మొదట్లో శౌరమ్మ, "ఇక నువ్వెళ్ళు, నాకు టైమయింది" అని బుగ్గ పుణికి వెళ్ళిపోయింది.

నాగమల్లేశ్వరి బ్యారేజీ మీద అడుగు పెట్టింది. అబ్బ! డాబా మీద నుంచి వేలెడున్న ఏరు ఇక్కడ కంటికి ఆనడం లేదు. గేట్ల కింద నుంచి నీళ్ళు హోరుమని దూకుతున్నాయి. తుంపర లేచి మొహానికి కొట్టింది. పాప కిలకిలా నవ్వి రెండు చేతులూ గాల్లోకి చాపింది. ఇంకాస్త ముందుకి నడిచేసరికి, పిట్టగోడకి ఆనుకుని బజ్జీలు తింటున్న మొగుడూ అత్తగారూ కనిపించారు.

"నువ్విక్కడేంటే? రత్తయ్య రాలా?" అంది వెంకటరావమ్మ, బజ్జీ నోటి దగ్గరే ఆపి.

"వచ్చాడు. లేవని పంపించేశాను."

"లేవనడమేంటి? నేను మాటిచ్చానే!"

"మీరిచ్చారు అత్తయ్యా. నేనివ్వలేదు."

మార్కండేయులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నలుగురూ చూస్తన్నారు, గొడవెందుకు. రిక్షా అక్కడే ఉంది. పద, ఇంటికెళ్ళి పంపిద్దాం. అంతా కలిపి అరగంట పని."

నాగమల్లేశ్వరి అవతలి ఒడ్డుకేసి చూసింది. సీతానగరం కొండ మీద ఎండ ఇంకా ఉంది. చీకటి పడేలోపు వెళ్ళి రావచ్చు. పాపని అతని చేతుల్లో పెట్టింది. అతను బజ్జీల పొట్లం తల్లికిచ్చి, నీళ్ళబిందె అందుకున్నట్టు రెండు చేతులతో పాపని పట్టుకున్నాడు.

"కడుపునిండా తాగింది. నేను ఆ చివరిదాకా నడిచొస్తాను" అంది.

"ఒక్కదానివేనా?" అన్నాడతను. ఆ మాటకి ఆవిడకి భలే సంతోషం వేసింది. అవును కదా, ఒక్కతే! చంకలో పిల్ల లేదు, చేతిలో గిన్నె లేదు. చేతులు తేలిగ్గా ఊపుకుంటూ నడిచింది. పిన్నీసు పెట్టినా పైట చెంగు గాలికి ఎగురుతూనే ఉంది. పదడుగులు వేసిందో లేదో వెనక నుంచి పాప ఏడుపు వినిపించింది. మార్కండేయులు "మల్లేశ్వరీ" అని పిలిచాడు. ఆగింది. చెవి పెట్టి విన్నది. తల్లికి తెలియదా, అది ఆకలి ఏడుపు కాదు. ఎత్తుకున్న చేతులు కొత్తవై ఏడుస్తోంది.

అలవాటవుతుందిలే, ఇద్దరికీ, అనుకుని ముందుకి నడిచింది.