ఒకవేళమ్మ పెట్టించిన తలుపు

ఐసు ఫ్యాక్టరీలో భద్రత చూసుకోవడానికి చేరిన ఆమెకు నెల తిరక్కుండానే ‘ఒకవేళమ్మ’ అని పేరు పడింది. ఏ మాటైనా ‘ఒకవేళ’ అంటూనే మొదలుపెట్టేది మరి. అక్కడ కంప్రెసర్ నడిపేది ఆమె మేనమామే. ఆ పేరు పెట్టిందీ ఆయనే.

ఒకరోజు ఆమె కంప్రెసర్ గదిలో ఆయన కుర్చీ పక్కన నిలబడి పైకి చూసింది. గదికి ఉన్నది ఒక్కటే తలుపు. ఐసు గడ్డకట్టించే విషవాయువు, అమోనియా పైపు సరిగ్గా దాని మీదుగానే వెళ్తోంది.

“మామయ్యా, ఒకవేళ ఈ పైపు అతుకు ఊడితే ఎటు పోతావు?”

“ఇంటికి పోతానమ్మా. మీ అత్తయ్య ఎదురుచూస్తుంటుంది.”

“ఏ తలుపులోంచి?”

ఆయన తలెత్తి పైపు వైపు చూశాడు.

ఆమె ఫ్యాక్టరీ యజమాని వెంటపడి, వెనక గోడ పగలగొట్టించి ఇంకో తలుపు పెట్టించింది. ఆ తలుపు బయటే, గ్యాసు ఆపే వాల్వు ఇంకొకటి బిగింపజేసింది. గాలి ఎటు వీస్తోందో తెలిసేలా కప్పు మీద ఎర్రగుడ్డ కట్టించింది. పైపు మార్చడానికి మాత్రం సరుకు రావాలి. ఈలోగా వారం వారం గంట కొట్టి అందరినీ బయటికి నడిపించేది.

“తోసుకోకండి. గుడ్డ చూడండి. గాలికి ఎదురు నడవండి.”

జనం నవ్వుకుంటూనే నడిచేవారు.

సరుకు రాకముందే, ఓ మధ్యాహ్నం అతుకు ఊడింది.

పెద్ద చప్పుడుతో తెల్లటి పొగ పాత తలుపును మింగేసింది. మామయ్యను కాళ్ళే వెనక తలుపు వైపు తీసుకెళ్ళాయి. కళ్ళు మండిపోతున్నా బయట వాల్వు చక్రం చేతికి దొరికింది. గట్టిగా తిప్పాడు. ఆమె గంట కొట్టింది. ఐసు దిమ్మలు కోసేవాళ్ళు, బండ్లకెత్తేవాళ్ళు బయటికొచ్చి, తలలెత్తి గుడ్డ చూసి, వెనక మైదానంలోకి నడిచారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అక్కణ్ణుంచి చూస్తే, మేఘమే నేలకు దిగినట్టుంది. తాము రోజూ కూర్చునే బల్లలు, చేతులు కడుక్కునే కుళాయి, ముందు గేటు, అన్నింటినీ ఒక్కొక్కటే కప్పేస్తూ పోయింది. వాటి దగ్గర ఒక్క మనిషీ లేడు.

ఫైరింజన్ వాళ్ళు వచ్చి నీళ్ళు కొట్టి, గ్యాసు పోయిందని తేల్చాకే లోపలికి వెళ్ళనిచ్చారు. కుర్చీ మీద మంచు దళసరిగా పేరుకుని ఉంది. మామయ్య దాన్ని ముట్టుకోలేదు. 

“ఇదంతా నీకు ముందే ఎలా కనిపించింది తల్లీ?”

“కనిపించలేదు మామయ్యా. నువ్విక్కడ కూర్చుంటావని భయమేసింది, అంతే.”

 ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. మిగతావాళ్ళు గుమ్మంలోనే ఆగారు. కోయకుండా వదిలేసిన దిమ్మలు కరిగి, నీళ్ళు మెల్లగా వాళ్ళ కాళ్ళ దాకా వచ్చాయి.