ఏమీ జరగని రోజు

ఆదివారం మధ్యాహ్నం ఉతికిన బట్టలు సోఫా నిండా గుట్టపోసుకుని, ఆమె ఒక్కొక్కటే మడతపెడుతోంది. టీవీలో ఏదో సినిమా. కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ సంవత్సరం పొరబడి ఆగిపోతాయన్న భయంతో ఊరు ఊరంతా వెర్రెత్తి, జనం దుకాణాల మీద పడుతున్నారు.

"ఎంత పిచ్చి జనమో," అన్నాడు భర్త, కాళ్ళు బల్లమీదికి చాపుకుని.

"నువ్వేం తక్కువ తిన్నావురా? అప్పుడు చెంబులతో సహా నీళ్ళు పట్టిపెట్టి, నన్ను స్నానానిక్కూడా ముట్టుకోనివ్వలేదు," అంది అత్తగారు.

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. పట్టుబడితే అందరికన్నా ముందు తనే నవ్వేసే మనిషి, అందుకే ఇన్నేళ్ళయినా ఆమెకు అతనంటే ముద్దు.

"అప్పుడు అమ్మెక్కడుంది?" అంది కూతురు.

"కరెంటాఫీసులో. నెలల తరబడి ఇల్లు నా మీదొదిలేసి కంప్యూటర్లు బాగుచేసింది. తీరా చూస్తే ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఉత్త హడావుడి."

సరదాకే అన్నాడు. అయినా ఆమె చేతిలో చొక్కా అలాగే ఆగిపోయింది. ఏమీ జరగలేదట. జరగకూడదనే కదా తనూ, ఆఫీసులో మరికొందరు ఆడవాళ్ళూ కళ్ళు లాగేస్తున్నా లేవకుండా, రెండంకెల్లో రాసి ఉన్న ప్రతి సంవత్సరాన్నీ వెతికి వెతికి నాలుగంకెలు చేసింది. ఒక్కటి దాటిపోయినా ఏ వీధి చీకటయ్యేదో. కొత్త సంవత్సరం వచ్చిన మర్నాడు పై అధికారి అన్నదీ ఇదే మాట: ఏమీ జరగలేదుగా, ఇక ఇంతమంది దేనికి? ఆమె ఇంటికొచ్చేసింది. ఇంట్లోనూ అదే ఉద్యోగం. పాలు పొంగిపోవు, అత్తగారి బీపీ మాత్రలు నిండుకోవు, పిల్ల ఫీజు గడువు దాటదు. ఏమీ జరగకుండా చూడటమే పని, ఏమీ జరగలేదు గనక అది పనే కాదు. మొన్న ఆ ఆఫీసు నుంచే ఫోనొచ్చింది. పాత ప్రోగ్రాములు తెలిసినవాళ్ళు లేరట, మళ్ళీ వస్తారా అని. రేపటికల్లా చెప్పాలి. "మరి ఇల్లెవరు చూస్తారు?" అని ఆ రోజే అన్నాడు భర్త, మెల్లగానే. కుదరదని చెప్పేద్దామనే ఆమె కూడా అనుకుంది.

తెరమీద హీరో ఒక్కడే ఏదో మీట నొక్కి లోకాన్ని కాపాడేశాడు. వాళ్ళావిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

"కంప్యూటర్ ముందు ఆడవాళ్ళొక్కరూ లేరేంటి?" అంది కూతురు.

"ఉన్నాంలే. లైట్లు ఆరలేదు కదా, అందుకని ఎవరికీ కనపడలేదు," అందామె.

భర్త కాళ్ళు కిందికి దించాడు. కాసేపటికి గుట్టలోంచి ఒక తువ్వాలు లాగి, తనకొచ్చినట్టు చుట్టబెట్టసాగాడు. ఆమెకు నవ్వొచ్చింది, దాంతోపాటే ఏడుపూ వచ్చింది.

"రేపు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పేస్తానండీ."

"చెప్పు. కానీ ఇంట్లో ఏదైనా జరిగితే?"

ఆ తువ్వాలు సరిచేయబోయి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈసారి జరగనివ్వండి."